సబ్బు రాసిన కమాను

మా బావమరిదిని అందరూ బల్లి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. వాడు ఇరవై రెండంతస్తుల భవనానికి తాళ్ళ మీద వేలాడుతూ అద్దాలు కడుగుతుంటే కింద నిలబడి చూసి, ఇంటికొచ్చి మా ఆవిడతో "మీ తమ్ముడు అచ్చం గోడ మీద బల్లే" అన్నాను. ఆవిడ నవ్వింది. వాడూ నవ్వాడు. "బల్లికి సబ్బునీళ్ళ బకెట్ ఉండదు బావా, అదే తేడా" అన్నాడు.

వాడి పని కిందనుంచి చూస్తే సాహసంలా ఉంటుంది గాని, దగ్గరకెళితే వట్టి రోత. పావురాల రెట్ట ఎండకి రాయిలా బిగుసుకుపోతే బ్లేడుతో గీకాలి. గీకింది గాలికి ఎగిరి మొహాన పడుతుంది. నాలుగో అంతస్తులో క్యాంటీన్ పొగ గొట్టం ఉంది. దాని చుట్టూ అద్దాల మీద పాత నూనె జిడ్డు వేలు మందాన పేరుకుంటుంది. పైనుంచి ఎవడో ఒకడు ఉమ్ముతాడు. అద్దానికి ఇవతల ఒక మనిషి వేలాడుతున్నాడని లోపలివాళ్ళకి తట్టనే తట్టదు. ఒక పెద్ద ఆఫీసరు మీటింగు మధ్యలో కిటికీ వైపు తిరిగి, తీరిగ్గా ముక్కులో వేలు పెట్టుకుని, ఆ వేలు అద్దానికే తుడిచాడట. "లోపలి మురికి నా డ్యూటీ కాదు బావా, నాది బయటిదే" అని చెప్పి మా అందరి చేత అన్నం మానిపించాడు ఆ పూట.

అలాంటివాడు ఆదివారం వస్తే ఇంట్లో పడుకోకుండా కొండెక్కేవాడు. ఊరి చివర పాడుపెట్టిన రాళ్ళ క్వారీ ఒకటి ఉంది. యంత్రాలు ఎప్పుడో పోయాయి. నూట ఎనభై అడుగుల బండ ఒకటి నిట్టనిలువుగా మిగిలిపోయింది. దాన్ని వాడు తాడు లేకుండా ఎక్కేవాడు. పన్నెండేళ్ళుగా అదే బండ, ప్రతిసారీ వేరే దారి. తాడెందుకు కట్టుకోవురా అని తిడితే, "ఆరు రోజులు తాడే నన్ను మోస్తుంది, ఒక్కరోజు దానికి సెలవివ్వద్దా" అనేవాడు. నేనైతే బల్బు మార్చడానికి నిచ్చెన మూడో మెట్టు కూడా ఎక్కను.

మా ఆవిడ వయొలిన్ వాయిస్తుంది. పొద్దున ముందుగదిలో పిల్లలకి నేర్పేది, వారానికి మూడు సాయంత్రాలు ఒక హోటల్ భోజనాల హాల్లో వాయించేది. అక్కడ జనం నములుతూ, ఫోన్లలో అరుస్తూ, ఎముకలు పక్క పళ్ళెంలోకి విసురుకుంటూ ఉంటే ఈవిడ ఒక మూల నిలబడి వాయించాలి. ఎవరూ వినరు. ఇంటికొచ్చి మొహం రుద్ది రుద్ది కడుక్కునేది.

అసలు వాయింపు మా ముందుగదిలోనే, ఆదివారం సాయంత్రం. బల్లి క్వారీ నుంచి వచ్చి నేల మీద గోడకి చేరబడి, పగిలిన వేళ్ళకి టేపు చుట్టుకునేవాడు. ఆవిడ చిన్న ముక్క ఒకటి అందుకుని, అది ఎటు తీసుకెళితే అటు వెళ్ళేది. ముందే రాసుకున్నది కాదు. అప్పటికప్పుడు పుట్టింది. ఒకరోజు అలా వాయిస్తూ వాయిస్తూ ఒక చోట అపస్వరం మీద పడింది. నాకు తెలియలేదు. ఆవిడ ఆ స్వరాన్నే మళ్ళీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది, దాని మీద ఊగి ఎక్కడికో వెళ్ళిపోయింది. వాయించడం అయ్యాక బల్లి కళ్ళు తెరిచాడు.

"అక్కా, మధ్యలో జారావు కదూ?"

"జారానురా. నీకెలా తెలిసింది?"

"జారిన చోటే బరువేశావు. నేనూ అదే చేస్తాను. కాలు జారుతుంటే భయపడి వెనక్కి లాక్కున్నామా, అయిపోయామే. ఇంకాస్త గట్టిగా తొక్కాలి. అప్పుడు బూటు రాయిని పట్టుకుంటుంది. ఆ తర్వాత చెయ్యి ఎటు అందితే దారి అటే."

"మరి ముందు అనుకున్న దారో?"

"అనుకునే బయల్దేరతాను. నాలుగు పట్లు దాటాక బండ తన మాట చెబుతుంది. ఒకచోట పాచి ఉంటుంది, ఒకచోట పెచ్చు ఊడి ఉంటుంది. అప్పుడు మనం అనుకున్నది పక్కన పెట్టి దాని మాట వినాలి."

"నాకూ అంతేరా. వేలు వెళ్ళిపోయాక మనసుకి కబురొస్తుంది."

నేను ఊరుకోవచ్చుగా. "అయితే అక్కా తమ్ముళ్ళిద్దరూ ఆలోచించకుండా చేస్తారన్నమాట" అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "రోజుకి నాలుగు గంటల చొప్పున ఇరవయ్యేళ్ళు ఆలోచిస్తే, ఆ తర్వాత ఓ పది నిమిషాలు ఆలోచించకుండా ఉండచ్చండీ" అంది.

"తేడా ఒక్కటే బావా" అన్నాడు వాడు. "అక్క తప్పు చేస్తే వినేవాళ్ళు మొహం చిట్లిస్తారు." మిగతా సగం వాడూ అనలేదు, మేమూ అడగలేదు.

ఇంతవరకూ ఎవరికీ ఏ హానీ లేదు. పాడుచేసింది నేనే.

ఒక ఆదివారం మా ఆవిడ తమ్ముడితో క్వారీకి వస్తానంది. నేనూ వెళ్ళాను. వాడు ఇరవై అడుగులు ఎక్కేసరికే ఆవిడ చూడలేకపోయింది. బండకి వీపు పెట్టి ఒక రాతి దిమ్మ మీద కూర్చుని, వెంట తెచ్చుకున్న వయొలిన్ తీసి వాయించడం మొదలుపెట్టింది. వాడి బూట్లు రాయికి రాసుకునే చప్పుడు ఆ గోతిలో బాగా వినబడేది. సగం పైన వాడు ఆగాడు. చప్పుడు ఆగింది. ఆవిడ కూడా ఒకే స్వరం మీద నిలబడిపోయింది. తీగల మీద కమాను అటు చివరికీ ఇటు చివరికీ వెళుతోంది, స్వరం మాత్రం కదలదు. వాడు కాలు మార్చాడు. ఆవిడ కదిలింది. అలా వాడు పైకి చేరేదాకా ఒకరినొకరు చూసుకోకుండా నడిచారు. నా ఒళ్ళు జలదరించింది.

జలదరిస్తే జలదరించింది, ఊరుకున్నానా? ఫోనులో మొత్తం పట్టేశాను. నేను మందు సీసాలకి లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో పనిచేస్తాను. మర్నాడు మా ప్రెస్సు గ్రూపులో పెట్టాను. వాళ్ళిద్దర్నీ ఒక్క మాట అడగలేదు. పది రోజుల్లో అది ఎక్కడెక్కడికో పోయింది. కింద జనం రాసినవి చదివితే కంపరం పుడుతుంది. 'ఎప్పుడు పడతాడు?' 'చివరిదాకా చూశాను, పడలేదు, టైం వేస్టు.' 'ఆవిడ ఇటు తిరిగితే బాగుండేది.' ఇవన్నీ చదివి కూడా, ఎంతమంది చూశారో పూటకోసారి చూసుకుని మురిసిపోయాను. ఇవాళ ఆ సంగతి రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేయాలని ఉంది.

మూడు వారాలకి ఒక ప్రోగ్రాం మేనేజరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాడు వీధి మలుపు తిరగ్గానే సెంటు వాసన గుమ్మంలోకి వచ్చింది. మా కుర్చీని జేబురుమాలుతో తుడిచి మరీ కూర్చున్నాడు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పాతికేళ్ళ పండగ చేసుకుంటోందట. క్వారీలోనే ప్రోగ్రాం. బల్లి ఎక్కాలి, మా ఆవిడ వాయించాలి.

"మీ ఇద్దరి కళా ఒకటేనండీ మేడమ్! నేను వీడియో చూడగానే కనిపెట్టేశాను. భయం లేకుండా శూన్యంలోకి దూకడం! మా క్లయింట్ మెసేజ్ కూడా అదే."

బల్లి టీ గ్లాసు కింద పెట్టాడు. "దూకడం ఏంటండీ? దూకితే చస్తాను. నేను పట్టుకుంటాను."

"అహ, అదే, అదే. పట్టుకోవడం. అది ఇంకా బాగుంది!" అని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

వాడు వెళ్ళాక బల్లి కిటికీలన్నీ తెరిచాడు. ఒప్పుకునేవాడే కాదు. కానీ మేనేజరు పోతూ పోతూ మా ఆవిడతో ఒక మాట అన్నాడు. "ఎనిమిది వందల మంది నోరు మూసుకుని వింటారు మేడమ్." నోరు మూసుకుని. ఆ మాటకి ఆవిడ లొంగిపోయింది. ఆ నెలలోనే హోటల్ వాళ్ళు మనిషి బదులు స్పీకరు పెట్టుకుంటామని చెప్పేశారు. తమ్ముడు అక్క మొహం చూసి సరేనన్నాడు. నేనేమో పక్కన చేరి, మా ప్రెస్సు వాళ్ళందరూ చూస్తారని వారం రోజులు చెవినిల్లు కట్టుకుని పోరాను.

మొదట స్టూడియోకి పిలిచారు. మా ఆవిడని ఏం వాయిస్తారో రాసిమ్మన్నారు. "అది ముందుగా రాసేది కాదండీ, వాడు ఎలా ఎక్కితే అలా వస్తుంది" అంది. "మరి పటాకులు ఎప్పుడు పేల్చాలో మాకెలా తెలుస్తుంది మేడమ్?" అన్నారు. చివరికి ఆవిడ చేత ఆరుసార్లు వాయించుకుని, ఒక్కోదాంట్లోంచి ఒక్కో ముక్క కోసి, అతికించి పదకొండు నిమిషాల పాట తయారుచేశారు. అందులో తప్పన్నది లేదు. ఆవిడ విని, "ఎవరు వాయించారిది?" అంది. వాళ్ళు జోకనుకుని నవ్వారు. ఆ తర్వాత, బండకి ఇంకా ఏ రంగూ వేయకముందే, క్వారీలో ఒక రిహార్సల్ పెట్టి ఇద్దర్నీ కెమెరాలో పట్టుకున్నారు.

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం క్వారీ నాకు గుర్తుపట్టడానికే వీల్లేకుండా ఉంది. రాళ్ళ మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. తెల్ల గుడారాలు, పెద్ద పెద్ద కూలర్లు. ఓ పక్క తాత్కాలిక మరుగుదొడ్ల కంపు, దాని మీద కొట్టిన మల్లె సెంటు, ఇంకో పక్క ఆవిరి పెట్టెల్లో వేడెక్కుతున్న మాంసం వాసన. మూడూ కలిసి ముక్కులోకి దూరితే కళ్ళు తిరిగాయి. బండ మీద సగం పైన నీలం రంగులో కంపెనీ ముద్ర, ఇంటి గోడంత.

బల్లికి చొక్కా కింద సన్నటి ఉక్కు తీగ కట్టి, రెండో కొస బండ పైన ఒక యంత్రానికి చుట్టారు. ఇన్సూరెన్స్ వాళ్ళ కార్యక్రమంలో మనిషి పడితే బాగుండదు కదా. అంతవరకు వాడు సరేనన్నాడు. తర్వాత ప్రోగ్రాం వాళ్ళ కుర్రది ఒకతె, అంతకుముందు తీసుకెళ్ళిన మా ఆవిడ వయొలిన్, కమాను తెచ్చి ఇచ్చింది. బల్లి ఉన్నట్టుండి కమాను లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రోజంతా సబ్బుతో బతికేవాడి ముక్కు అది.

"దీనికి సబ్బు ఎందుకు రాశారు?"

మేనేజరు పరుగున వచ్చాడు. "అసలు వయొలిన్ మోగితే రికార్డుతో కలగాపులగం అయిపోతుంది సార్. సబ్బు రాస్తే తీగ పలకదు. మేడమ్ ఊరికే చెయ్యి ఆడిస్తే చాలు. అందరూ చేసేదేనండీ ఇది."

మా ఆవిడ కమాను తన చేతిలోకి తీసుకుంది. ఆ కమాను ఆవిడకి గురువుగారు చివరి రోజుల్లో ఇచ్చింది. దాని వెంట్రుకల మీద వేలు పెట్టి, ఆ జారుడు చూసుకుని, వేలు చీరకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

"వెళ్ళిపోదామా అక్కా?" అన్నాడు వాడు.

ఆవిడ నా వైపు చూసింది. అప్పుడు నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. "పదకొండు నిమిషాలే కదా, సర్దుకో" అన్నాను. మా ప్రెస్సు వాళ్ళు అప్పటికే మూడో వరసలో కూర్చుని చేతులూపుతున్నారు.

పాట మొదలైంది. స్పీకర్ల దెబ్బకి నా పళ్ళు అదిరాయి. మా ఆవిడ వేదిక మీద చెయ్యి ఆడిస్తోంది. బల్లి ఎక్కుతున్నాడు. నలభై అడుగుల దగ్గర వాడి చేతికి ఎన్నడూ లేని పట్టు ఒకటి తగిలింది. రాయి రంగు వేసిన ప్లాస్టిక్ గుబ్బ. కెమెరాకి మొహం కనబడే దారిలో అలాంటివి ఇరవై అతికించారని తర్వాత తెలిసింది. ఎండకి రంగు కరిగి వేళ్ళకి అంటుకుందట. వాడు దాన్నీ ఓర్చుకున్నాడు. ముద్ర దగ్గరికి వచ్చాక, పన్నెండేళ్ళుగా వాడు చెయ్యి దూర్చి ఊపిరి తీసుకునే పగులు కోసం వెతికాడు. పగులు లేదు. రంగు సాఫీగా రావాలని సిమెంటుతో పూడ్చేశారు.

వాడు ఆగిపోయాడు. పాట ఆగలేదు. కింద ఆవిడ చెయ్యి కూడా ఆడుతూనే ఉంది. అంతలో వాడి ఒళ్ళు ఒక్క కుదుపు కుదిపి పైకి లేచింది. పైన యంత్రం దగ్గరున్నవాడు, పాట ముందుకెళ్ళిపోతోంది, మనిషి వెనకబడ్డాడని తీగ లాగాడు. మూట లాగినట్టు. రెండోసారి కూడా లాగాడు.

బల్లి వాంతి చేసుకున్నాడు. నీలం ముద్ర మీద పడి, అది మెల్లగా కిందికి కారింది. ముందు వరసలో పెద్దవాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకుని, రుమాళ్ళు ముక్కులకి పెట్టుకున్నారు. వాడు భుజంతో మూతి తుడుచుకుని, చొక్కాలో చెయ్యి పెట్టి కొక్కెం ఊడదీశాడు. ఖాళీ తీగ గాల్లో ఊగుతూ పైకి పోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

వాడు ఎడమ వైపుకి మళ్ళాడు. అటు ఎప్పుడూ ఎక్కలేదు. నీళ్ళు కారే చోటు, పాచి, పావురాల గూళ్ళు, రెట్ట. ఒక్కో అడుగు వేయడానికి అరనిమిషం. అంతలో పదకొండు నిమిషాలు పూర్తయ్యాయి. పైన ఎవరూ లేకుండానే పటాకులు పేలాయి, రంగు కాగితాలు కురిశాయి. జనం చప్పట్లు కొట్టారు. మైకులో ఎవరో భోజనాలకి రమ్మన్నారు. నమ్మండి, ఎనిమిది వందల మందీ లేచారు. మనిషి ఇంకా నూట పది అడుగుల మీద తాడు లేకుండా వేలాడుతున్నాడు, వీళ్ళు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కొందరు పైకి చూసి, అది కూడా ప్రోగ్రాంలో భాగమే అనుకుని మళ్ళీ గరిటె అందుకున్నారు.

స్పీకర్లు ఆగిపోయాక, చెంచాల చప్పుళ్ళ మధ్య నాకు చిన్న శబ్దం వినబడింది. మా ఆవిడ కమాను కింద పడేసింది. తీగల్ని వేలితో మీటుతోంది. ఈసారి వెనక్కి తిరిగి లేదు. తల ఎత్తి, రెప్ప వేయకుండా తమ్ముణ్ణే చూస్తోంది. వాడు ఆగితే ఒకే తీగ మీద ఉంటుంది. వాడు కాలు కదిపితే పక్క తీగకి వెళుతుంది. ఒకసారి వాడి కుడికాలు పాచి మీద సర్రున జారింది. ఆవిడ వేలు కూడా తప్పు తీగ మీద పడింది. వాడు అదే కాలితో అక్కడే తొక్కాడు. ఆవిడ అదే తీగ మళ్ళీ మీటింది. ఆ తర్వాత ఇద్దరూ అక్కణ్ణించే వెళ్ళారు.

కిందున్న జనంలో అది విన్నది నేనొక్కణ్ణే. విన్నవాడి సంగతి కూడా చెప్పాలి కదా. నా చేతిలో పళ్ళెం ఉంది. ఎప్పుడు తీసుకున్నానో నాకే తెలియదు. అందులో ఎవరో మాంసం వడ్డించారు కూడా.

వాడు పైకి చేరేసరికి ఐస్‌క్రీముల దగ్గర తోపులాట జరుగుతోంది. మేనేజరు మాత్రం పరిగెత్తుకొచ్చాడు. "ఏంటి సార్ ఇది, క్లయింట్ ముద్ర మీద... సరే, రిహార్సల్ షాట్లు వాడుకుంటాంలెండి" అన్నాడు. అన్నట్టే వాడుకున్నారు. బయటికొచ్చిన వీడియోలో బల్లి నవ్వుతూ పైకి చేరతాడు, పటాకులు పేలతాయి, మా ఆవిడ కమాను గాల్లోకి ఎత్తుతుంది. మా ప్రెస్సులో కేకు కోశారు. తిన్నాను.

ఇంటికొచ్చాక ఆవిడ తమ్ముణ్ణి ఒకటే అడిగింది. "నీకు వినబడిందా?"

"ముక్కలు ముక్కలుగా వినబడిందక్కా. వినబడనప్పుడు నీ చెయ్యి కనబడింది."

కమానుకి వెంట్రుకలన్నీ మార్పించాల్సి వచ్చింది. బాగుచేసే ముసలాయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏ వెధవమ్మా ఈ పని చేసింది?" అన్నాడు. ఆవిడ నా పేరు చెప్పలేదు. హోటల్ మళ్ళీ పిలిచినా వెళ్ళలేదు. ఉద్యోగులకి రిస్కు గురించి మాట్లాడమని మేనేజరు బల్లికి మూడుసార్లు ఫోన్ చేశాడు. "మాట్లాడ్డం నాకు రాదండీ. ఒకవేళ వచ్చినా మీకు చెప్పను" అని వాడు పెట్టేశాడు.

తర్వాతి ఆదివారం వాడు ఉలి, సుత్తి పట్టుకుని క్వారీకి వెళ్ళాడు. సిమెంటు మీద రెండు దెబ్బలు వేస్తే, సిమెంటు ఊడలేదు గాని పక్క రాయి పెచ్చు లేచి కింద పడింది. ఆపేశాడు. మళ్ళీ అటు వెళ్ళలేదు. ముద్ర ఇప్పటికీ అక్కడే ఉంది. నీలం రంగు కారి, కింద బండంతా చీమిడి కారిన మొహంలా ఉంటుంది.

ఇప్పుడు వాడు ఆదివారాలు ఎక్కడికో పోతున్నాడు. తెల్లారేసరికి బస్సెక్కి, సాయంత్రానికి ఎర్ర మట్టి అంటిన బూట్లతో వస్తాడు. కొన్నిసార్లు మా ఆవిడ కూడా వయొలిన్ పెట్టె తీసుకుని వెళుతుంది. వచ్చాక ఇద్దరూ వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటారు. నేను వెళితే, నీళ్ళొచ్చాయా, గ్యాస్ బుక్ చేశారా అని అడుగుతారు.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "ఎక్కడరా ఆ కొండ? ఒకసారి నన్నూ తీసుకెళ్ళచ్చు కదా."

వాడు బూటు లేసు విప్పుకుంటూ, ఎంతో ప్రేమగా, "చాలా దూరం బావా. నీకు బస్సు పడదు కదా" అన్నాడు.

నాకు బస్సు పడకపోవడమన్నది ఎప్పుడూ లేదు.